‘అప్రమేయ’ ముద్రణ వ్యవస్థ అనొచ్చా?

ప్రశ్న: లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిఫాల్ట్ (మనం వేరే ఎంచుకోకపోతే వచ్చే) ప్రింటింగ్ సిస్టమ్‌గా దేన్ని పెట్టాలనే పాత గొడవ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. తెలుగు లినక్స్ మెనూల్లో డిఫాల్ట్‌కి ‘అప్రమేయ’ అని కనిపిస్తుంది. విష్ణు సహస్రనామంలో ‘అప్రమేయో హృషీకేశః’ అని చదివే ఇంట్లో ఈ మాట ఏమైపోవాలి? కొలవశక్యం కాని ప్రింటరా?

జవాబు: పదం కట్టినవాళ్లని అప్పుడే తిట్టకండి. సంస్కృతంలో ప్రమేయం అంటే కొలతకి అందేది. తెలుగులో ఆ మాట ఎప్పుడో దారి మార్చుకుంది. ‘నా ప్రమేయం లేకుండానే సంతకాలు అయిపోయాయి’ అంటాం కదా, అక్కడ అర్థం జోక్యం. ఆ లెక్కన అప్రమేయం అంటే మనం వేలు పెట్టకుండా జరిగేది. ఏ ప్రింటరో చెప్పకుండా, ప్రింట్ చేయమనే ఎల్‌పీ కమాండ్ కొడితే కాగితం దేన్లోంచి వస్తుందో అది అప్రమేయ ముద్రకం. బాగానే కుదిరింది.

ఇంకొకరు: ప్రింటర్‌కి కుదిరింది గానీ సిస్టమ్‌కి కుదరదండీ. అక్కడ కథంతా ప్రమేయమే. లినక్స్‌కి ముందున్న యూనిక్స్‌లో రెండు శాఖలు: ప్రింట్ చేయడానికి బర్క్‌లీ యూనిక్స్‌ది ఎల్‌పీఆర్ కమాండ్, సిస్టమ్ 5 వాళ్లది ఎల్‌పీ. లినక్స్‌లో బర్క్‌లీ పద్ధతిని తిరగరాసిన ఎల్‌పీఆర్‌ఎన్‌జీ చాలాకాలం నడిచింది. 1999లో వచ్చిన కప్స్ అనే ప్రింటింగ్ సిస్టమ్ రెండు కమాండ్లనీ ఒప్పుకుంది. పాత స్క్రిప్టులున్నవాళ్లకి టెన్షన్ లేదు, దాని తెలివంతా అక్కడే ఉంది. పైగా దాన్ని ఐపీపీ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌తో మాట్లాడే పద్ధతి) మీద కట్టారు కాబట్టి, ఏ సైజు కాగితం ఉంది, రెండు వైపులా వేస్తావా అని ప్రింటర్‌నే అడగొచ్చు. బర్క్‌లీ వాళ్ల పాత పద్ధతి ఎల్‌పీడీకి అలా అడగడం రాదు. 2002లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్ 10.2లో కప్స్‌నే పెట్టింది. మరుసటి ఏడు రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చిన లినక్స్ వెర్షన్, రెడ్ హ్యాట్ లినక్స్ 9 కూడా దానికే పీట వేసింది. వాడేవాడి ప్రమేయం లేదు, సరే. పెట్టినవాళ్ల ప్రమేయం నిండా ఉంది. ‘అప్రమేయ వ్యవస్థను ఎంచుకోవడం’ అంటే ఆ రెండు మాటలకీ పొసగదు.

ప్రశ్న: అయితే డిఫాల్ట్ అనే రాసేయనా?

జవాబు: రాయండి. బ్యాంకుల్లో అదే మాటకి అప్పు ఎగ్గొట్టడం అని అర్థం, అయినా ప్రింటర్ పక్కన ఉంటే ఎవరూ పొరబడరులెండి. లేదా నామవాచకం కోసం వెతకడం మానేసి, ‘లినక్స్‌తో పాటే వచ్చేది’ అనండి.

ప్రశ్న: అది చాలదేమో. రెడ్ హ్యాట్ 9తో ఎల్‌పీఆర్‌ఎన్‌జీ కూడా ఇచ్చారు. పాత వెర్షన్‌లో అది వాడుతూ అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లకి అదే కొనసాగింది.

జవాబు: అయితే ‘కొత్తగా వేసుకున్నప్పుడు, వేరేది కోరకపోతే వచ్చేది’. పొడుగే, కానీ తప్పు లేదు.

ప్రశ్న: వ్యాసంలో అదే పెడతాను. శీర్షికలో మాత్రం డిఫాల్టే, అంత చోటు లేదు.