‘చిచ్చుఱికెన్’: దూకింది పాలా, నీళ్ళా?

ప్రశ్న:
భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యం ఇది.

క్షీరము మున్ను నీటికొసఁగెన్ స్వగుణంబులు దన్నుఁ జేరుటన్
క్షీరము తప్తమౌటఁ గని చిచ్చుఱికెన్ వెతచే జలంబు, దు
ర్వార సుహృద్విపత్తిఁ గని వహ్నిఁ జొరం జనె దుగ్ధ, మంతలో
నీరము గూడి శాంతమగు, నిల్చు మహాత్ముల మైత్రి యీ గతిన్.

రెండో పాదం దగ్గర ఆగిపోయాను. చిచ్చు అంటే నాకు ఇంట్లో చిచ్చు పెట్టడమే గుర్తొస్తోంది. స్నేహం పద్యంలో అదేమిటి? దూకిందెవరు? మా అమ్మాయికి చెప్పాలి, కాస్త విప్పి చెప్పండి.

జవాబు:
అమ్మా, ఇక్కడ చిచ్చు అంటే నిప్పే. కార్చిచ్చులో, చిచ్చుబుడ్డిలో ఉన్నది అదే. చిచ్చు + ఉఱికెన్, నిప్పులోకి దూకింది. దూకింది ‘జలంబు’, అంటే నీళ్ళు. ఆ మాట తర్వాతెక్కడో వచ్చింది, తికమక అందుకే.

తనలో చేరిన నీళ్ళకి పాలు ముందే తన తెలుపూ రుచీ ఇచ్చేశాయి. (నీళ్ళు కలిపినా పాలనే అంటాం కదా. ఈ పద్యం మీ పాలవాడికి మాత్రం వినిపించకండి.) పాలు కాగుతుంటే చూడలేక నీళ్ళు నిప్పులో దూకాయి, అంటే ఆవిరైపోయాయి. నేస్తానికొచ్చిన ఆపద చూసి పాలూ మంటలోకి బయల్దేరాయి. పొంగడమంటే అదన్నమాట. అంతలో ఎవరో చారెడు నీళ్ళు చల్లారు, నేస్తం తిరిగొచ్చిందని పాలు సద్దుమణిగాయి.

మూలంలో నీళ్ళ సంగతి ‘స్వాత్మా కృశానౌ హుతః’ అని ఉంది. తనను తాను అగ్నిలో వేల్చుకుందని. లక్ష్మణకవి ఆ హోమం మాట వదిలేసి ‘వెతచే’ అన్నాడు. బాధ తట్టుకోలేక దూకింది, పుణ్యం కోసం కాదు. నాకైతే మూలం కన్నా ఇదే నచ్చింది.

‘శాంతమగు’ దగ్గర కూడా ఒక్క క్షణం ఆగండి. పొయ్యి ఆరిందని కవి ఎక్కడా అనలేదు. మంట అలాగే ఉంది, గిన్నె దాని మీదే ఉంది. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాణ్ణి సాయంత్రం పూట ‘పద, టీ తాగొద్దాం’ అని లాక్కెళ్ళే స్నేహితుడు ఉంటాడు చూడండి. వాడు ఉద్యోగం ఇప్పించలేడు, ఈఎంఐ కట్టలేడు. అయినా ఆ పూటకి మనిషి కుదుటపడతాడు. ఈ పద్యం చెప్పే సాయం ఆపాటిదే, అది చిన్నదేమీ కాదు.

ఇంకొకరు:
పాలు పొంగేది పైన మీగడ కట్టి, కింద ఆవిరి చిక్కుకోవడం వల్ల కదండీ? దుఃఖం గిఖం కవి కల్పన.

జవాబు:
ఆ ఆవిరి ఎవరంటారు? నీళ్ళే కదా! ఆవుపాలలో నూటికి సుమారు 87 పాళ్ళు నీళ్ళే. కొవ్వూ మాంసకృత్తులూ కలిసి పొర కడితే ఆవిరి దాన్ని ఎత్తుకుని పైకొస్తుంది. చల్లటి నీళ్ళు పడగానే ఆ నురగ చప్పబడుతుంది. కల్పన దుఃఖం వరకే, మిగతాదంతా పొయ్యి దగ్గర నిలబడి చూసి రాసినట్టుంది.

మొదట అడిగినవారు:
ఇప్పుడు తెలిసింది, థాంక్సండీ. మరి ‘మహాత్ముల మైత్రి’ అన్నాడు, మనలాంటివాళ్ళ సంగతేమిటి?

జవాబు:
మూలంలో ‘సతాం’ అని మాత్రమే ఉందమ్మా, మంచివాళ్ళ స్నేహం అని. అమ్మాయికి అలాగే చెప్పండి.