9 వేల డాలర్లలో కామ్రీనా, ఫ్యూజనా, మాలిబునా? ఏడేళ్లు లాగే బండి ఏది?

ఇర్వింగ్_కొత్త_డ్రైవర్:

అందరికీ నమస్తే. ఉండేది టెక్సస్‌లోని ఇర్వింగ్, ఆఫీసు ప్లానోలో. రానూపోనూ రోజుకు 50 మైళ్లు. ట్యాక్సు, టైటిల్ ఖర్చులు కాకుండా బండికి 9 వేల డాలర్లు పెట్టగలను. మూడు చూశాను:

2014 టయోటా కామ్రీ ఎల్‌ఈ, 1.42 లక్షల మైళ్లు, 9,000
2017 ఫోర్డ్ ఫ్యూజన్ ఎస్‌ఈ, 84 వేల మైళ్లు, 8,300
2017 షెవర్లే మాలిబు 1.5 టర్బో, 78 వేల మైళ్లు, 8,600

రూమ్మేట్లందరిదీ ఒకటే పాట: "అమెరికన్ బండి లక్ష దాటితే డబ్బా. కళ్లు మూసుకుని జపాన్‌ది కొను." నిజంగా ఇక్కడి కంపెనీల బండ్లు అంత తొందరగా పోతాయా, లేక ఎప్పటిదో పాత మాటా? ఏడేళ్లు ఉంచుకోవాలని ఉంది.

ఆయిల్‌పాన్:

ముందు ఆ "ఇక్కడిది, బయటిది" గొడవ తేల్చుకుందాం. మూడు బండ్ల విన్ నంబర్లూ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) చూడండి. మొదటి అంకె 1, 4, 5 అయితే అమెరికాలో బిగించింది, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో, జె అయితే జపాన్, కె అయితే కొరియా. మీ కామ్రీ 4తో మొదలవుతుంది. కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో టయోటా 1988 నుంచీ కామ్రీలు చేస్తోంది. ఫ్యూజన్లు చాలావరకు 3తో ఉంటాయి, అవి మెక్సికోలోని ఎర్మొసీయోవి. అంటే మీ రూమ్మేట్లు "జపాన్ బండి" అంటున్నది అమెరికాలో పుట్టింది, "అమెరికన్ బండి" అంటున్నది సరిహద్దు దాటి వచ్చింది. ఫ్యాక్టరీ ఏ దేశంలో ఉందన్నది పక్కన పెట్టి, లోపల ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్ ఉన్నాయో అడగండి.

ఫ్యూజన్‌కి అదే అసలు పరీక్ష. విన్‌లో 8వ అక్షరం ఇంజన్ కోడ్. 7 ఉంటే 2.5 లీటర్ల టర్బో లేని ఇంజన్. మాజ్డాతో కలిసి ఉన్న రోజుల నుంచి వస్తున్న మొద్దు డిజైన్, టైమింగ్ చెయిన్, పెద్దగా గొడవల్లేవు. డి ఉంటే 1.5 ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో ఇంజన్ పేరు), 9 ఉంటే 2.0 ఎకోబూస్ట్. ఈ రెండింటితోనే చిక్కు. బ్లాకు పైముఖం మీద సిలిండర్ల మధ్య కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పారడానికి సన్నటి గాడి కోశారు. దానివల్ల హెడ్ గాస్కెట్ (బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య సీలు) కూర్చునే చోటు బాగా ఇరుకైపోయింది. వేడెక్కి చల్లారీ చల్లారీ అక్కడ గాస్కెట్ అరిగి, కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుంది. బయట చుక్క కారదు, డబ్బాలో మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు వణుకు, తెల్లపొగ, మిస్‌ఫైర్ కోడ్. గాస్కెట్ మార్చినంత మాత్రాన పోదు, బ్లాకే మార్చాలి. ఆ బిల్లు మీ బండి ధరలో సగం దాటుతుంది.

మాలిబు 1.5 టర్బో నేనైతే వదిలేస్తాను. తక్కువ ఆర్‌పీఎంలో లోడు పడ్డప్పుడు స్పార్కు రాకముందే మంట అంటుకుని, పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు పగిలిన కేసులు దీంట్లో ఉన్నాయి. సరైన డెక్సాస్ గ్రేడ్ (మాలిబు కంపెనీ జీఎం చెప్పిన) ఆయిల్ టైముకు మార్చిన బండికి గండం తక్కువ, కానీ ముందు ఓనరు ఏం పోశాడో మీకెలా తెలుస్తుంది? పైగా గేరు పార్క్‌లో పెట్టినా "షిఫ్ట్ టు పార్క్" అంటూ బండి ఆఫ్ కాకపోవడం. అది గేర్ లివర్ కింద ఉండే చిన్న స్విచ్ పని. ప్రాణం మీదికి రాదు, ప్రాణం మాత్రం తీస్తుంది.

ఓవర్‌డ్రైవ్:

ఆయిల్‌పాన్ గారి ఇంజన్ లెక్క ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ దేశం పట్టించుకోనక్కర్లేదన్నదీ నిజమే. కానీ డిజైన్ ఎవరిదన్నది తేలిగ్గా తీసేయకూడదు. టయోటా కొత్త టెక్నాలజీని ఆలస్యంగా తెస్తుంది, అదే ఇంజన్‌ని ఏళ్ల తరబడి నడుపుతుంది. కామ్రీలోని 2.5, 2010 నుంచి 2017 దాకా అదే. ఫోర్డ్ అదే కాలంలో ఫియస్టా, ఫోకస్‌లలో డ్రై డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పెట్టి ఏమైందో అందరికీ తెలుసు: సీల్ నుంచి ఆయిల్ క్లచ్ ప్లేట్ల మీదికి చేరడం, కదిలేటప్పుడు బండి కుదుపు, చివరికి కోర్టు కేసులు. (8 వేలలోపు ఫోకస్ ఆటోమేటిక్ ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.)

అలాగని కామ్రీకి కొబ్బరికాయ కొట్టక్కర్లేదు. 2007–09 కామ్రీ 2.4 ఆయిల్ తాగేది. పిస్టన్‌లో ఆయిల్ వెనక్కి దిగే రంధ్రాలు మసిపట్టి మూసుకుపోయేవి. మీ 2014లో అది లేదు గానీ, ఈ మూడూ చూసుకోవాలి. ఒకటి, 25–45 మైళ్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే గరుకు రోడ్డు మీద పోతున్నట్టు వణికితే అది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం); 2012–14 బండ్లలో తెలిసిన జబ్బే. రెండు, వాటర్ పంపు. బెల్టు పక్క నుంచి టార్చి వేసి చూస్తే గులాబీ రంగు ఎండిన చారలు కనిపిస్తాయి. బయటి షాపులో 400–700 డాలర్లు. మూడు, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి సెకన్‌లో గరగరమంటే కామ్ గేరు (వాల్వుల టైమింగ్ మార్చేది).

హ్యుందాయ్ సొనాటా ఎందుకు వద్దని ఎవరూ అడగలేదు, అయినా చెప్తాను: 2011–19లో 2.4 ఇంజన్ బేరింగులు, దానికి తోడు తాళం ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా స్టార్ట్ కానివ్వని పరికరం) లేని మోడళ్లు. కొన్ని ఊళ్లలో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు వాటికి పాలసీయే ఇవ్వలేదు. నిస్సాన్ ఆల్టిమా చవగ్గా దొరుకుతోందంటే తొందరగా పాడయ్యే ఆ సీవీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పుణ్యమే.

స్పానర్_మామ:

తమ్ముడూ, మైళ్ల లెక్క వేసుకో. రోజుకు 50 అంటే ఏడాదికి ఆఫీసుకే 12–13 వేలు, ఏడేళ్లకు 90 వేలు. కామ్రీ 2.3 లక్షలు దాటుతుంది, ఫ్యూజన్ 1.75 దగ్గర ఆగుతుంది. లక్షన్నర దాటాక ఇంజన్ కంటే చుట్టూ ఉన్నవే డబ్బు తింటాయి: స్ట్రట్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, వీల్ బేరింగులు, ఆల్టర్నేటర్. కామ్రీకైనా తప్పదు. పేరును చూసి 58 వేల మైళ్లు ఎక్కువ తిరిగిన బండికి 700 ఎక్కువ పెట్టడం నాకు నచ్చలేదు. 2.5 ఫ్యూజన్ అయితే నా ఓటు దానికే. మళ్లీ అమ్మేటప్పుడు కామ్రీకి ధర వస్తుంది, నిజమే, కానీ 2.3 లక్షల మైళ్ల మీద ఆ తేడా ఎంత మిగులుతుంది?

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. బ్రేకులు, టైర్లు ఎవరో చూసి స్టిక్కర్ వేశారన్న భరోసా ఇక లేదు. డల్లాస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో ఎమిషన్ టెస్టు మాత్రం ఉంది. అందుకే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివేది, 20–30 డాలర్లది చాలు) పట్టుకెళ్లు. కోడ్లు లేవని సంబరపడకు, రెడీనెస్ మానిటర్లు (బండి తన ఎమిషన్ పరీక్షలు పూర్తి చేసుకుందో లేదో చెప్పేవి) చూడు. రెండు మూడు "నాట్ రెడీ" ఉన్నాయంటే అమ్మేవాడు ఈమధ్యే కోడ్లు చెరిపాడు, లేదా బ్యాటరీ విప్పాడు. రెండింటికీ కారణం అడుగు.

వెళ్లేముందు "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట, చల్లటి ఇంజన్‌లో బయటపడే జబ్బులు కనిపించవు; ఇంకో రోజు వస్తానని తిరిగొచ్చేయ్.

హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిన బండి అయితే సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడు. అడుగున మట్టి గీత కనిపిస్తే వరదలో మునిగింది. కార్పెట్ మారుస్తారు గానీ బెల్టు ఎవరూ మార్చరు.

ఆయిల్‌పాన్:

మామ మాటకు చిన్న చేర్పు. ఫ్యూజన్‌లో గేర్ కేబుల్ చివర ప్లాస్టిక్ బుష్ ఒకటి అరిగి ఊడిపోతుంది. లివర్ పార్క్‌లో ఉన్నట్టే ఉంటుంది, గేర్‌బాక్స్ మాత్రం పార్క్‌లో ఉండదు, బండి జారిపోవచ్చు. కొన్ని ఏళ్ల బండ్లకు దీనిమీద రీకాల్ ఉంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ) సైట్‌లో విన్ కొడితే పెండింగ్ రీకాల్స్ కనిపిస్తాయి, డీలరు ఉచితంగా చేయాలి. అప్పటిదాకా హ్యాండ్ బ్రేక్ వేయడం అలవాటు చేసుకోండి.

ఇర్వింగ్_కొత్త_డ్రైవర్:

చాలా థ్యాంక్స్ అండి. ఫ్యూజన్ విన్ చూశాను. 8వ అక్షరం డి. కూలెంట్ మట్టం మాత్రం నిండుగానే ఉంది. మెకానిక్‌తో కూలెంట్ లీకు పట్టే ప్రెషర్ టెస్ట్ చేయిస్తే సరిపోతుందా?

ఆయిల్‌పాన్:

డి అయితే వదిలేయండి. ప్రెషర్ టెస్ట్ ఈరోజు పాసవుతుంది, 1.1 లక్ష మైళ్ల దగ్గర ఏమవుతుందో చెప్పదు. కూలెంట్ నిన్న పోసినా నిండుగానే కనిపిస్తుంది. 7 ఉన్న ఫ్యూజన్లు ఎస్, ఎస్‌ఈ ట్రిమ్‌లలో బాగానే దొరుకుతాయి, అద్దె కంపెనీలు ఎక్కువ కొన్నవి అవే.

ఓవర్‌డ్రైవ్:

ఈలోగా ఆ కామ్రీ సర్వీసు రికార్డు అడగండి. గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారైనా మార్చారా అన్నది ముఖ్యం. "లైఫ్‌టైమ్ ఆయిల్" అని వదిలేసిన వాళ్లే ఎక్కువ. మార్చకపోతే కొన్నాక ఫ్లష్ (మెషిన్‌తో పాత ఆయిల్ మొత్తం తోడించడం) చేయించకండి. డ్రెయిన్ చేసి, దిగినంతే టయోటా డబ్ల్యూఎస్ గేర్‌బాక్స్ ఆయిల్ నింపించండి. కొన్ని వేల మైళ్ల తర్వాత మళ్లీ ఒకసారి. దీనికి డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ 40–45 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో ప్లగ్ తీసి మట్టం చూడాలి. ఆ వేడి కొలవకుండా నింపే షాపుకు ఇవ్వొద్దు. ఇంజన్‌కు 0డబ్ల్యూ-20 సింథటిక్, ఫిల్టర్‌తో కలిపి 4.6 క్వార్టులు. మాన్యువల్ 10 వేల మైళ్లు అంటుంది, మీరు 5 వేలకే మార్చండి. ఇవన్నీ చూశాక కూడా 9,000 అంటే 8,200 దగ్గర మొదలుపెట్టండి.

స్పానర్_మామ:

8,200 కాదు, 7,800 దగ్గర మొదలుపెట్టు. టైర్ల పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగు అంకెలు చూడు, 1819 అంటే 2019లో 18వ వారం. ఆరేళ్లు దాటితే నాలుగు టైర్ల డబ్బు బేరంలో తగ్గించి అడుగు.