‘అసలు సిసలు’ అని ఎవరు, ఎవరికి చెప్తారు?

అందరికీ నమస్కారం. అమెరికాలో నల్లవాళ్ల స్టాండప్ కామెడీ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. బ్లాక్ కామెడీ అనగానే చావుల మీద వేసే జోకులు అనుకునేరు, అది కాదు, నల్లజాతి కమెడియన్ల సంగతి. దీని గురించి ఇంగ్లీషులో ఏది చదివినా అథెంటిక్, అథెంటిక్ అని ఒకటే మాట. ఫలానావాడిది అథెంటిక్, ఫలానావాడు తెల్లవాళ్ల కోసం పలచన చేసుకున్నాడు, ఈ వరస. ‘ప్రామాణికం’ అంటే నిఘంటువు వాసన వస్తోంది. ‘అసలు సిసలు’ అంటే సరిపోతుందా?

జవాబు:
భేషుగ్గా సరిపోతుంది. ‘నిఖార్సైన’ కూడా ఉంది, చూడండి.

జవాబు:
‘అచ్చమైన’ ఎలా ఉంటుంది? అచ్చ తెలుగు అంటాం కదా.

జవాబు:
నా ఓటు ‘అసలు సిసలు’కే. అచ్చమైన అంటే కల్తీ లేదని, అంతవరకే. ‘అసలు సిసలు’లో కాస్త అమ్మకం గొంతు వినపడుతుంది, మీ వ్యాసానికి కావలసింది అదే అనుకుంటాను. హైదరాబాద్‌లో హోటల్ బోర్డు మీద ‘అసలు సిసలు రాయలసీమ రుచులు’ అని రాస్తారు గానీ కడపలో ఇంట్లో సంకటి ముద్ద వడ్డిస్తూ ఎవరూ ఆ మాట అనరు, అనాల్సిన పనీ లేదు. బోర్డు కట్టారంటే బయటివాడు వస్తున్నాడని లెక్క.

నల్లవాళ్ల హాస్యానికి ఈ బోర్డు ఎప్పుడు పడిందో చూడండి. 1830ల నుంచీ తెల్ల నటులు కాల్చిన కార్కు మసి ముఖానికి పూసుకుని, నల్లవాళ్ల వేషం కట్టి, వాళ్ల మాటనీ నడకనీ వెక్కిరిస్తూ జనాన్ని నవ్వించేవాళ్లు. మిన్‌స్ట్రెల్ షో అనేవారు. (మసిపూసి మారేడుకాయ చేయడం అన్న మన మాట ఇంత అక్షరాలా నిజమైన చోటు నాకైతే ఇంకోటి తెలీదు.) 1890ల్లో బర్ట్ విలియమ్స్, జార్జ్ వాకర్ అనే ఇద్దరు నల్లవాళ్లు జోడీగా దిగేసరికి వాళ్ల వేషాన్ని తెల్లవాళ్లు ఎప్పుడో కబ్జా చేసేశారు. అప్పుడు వీళ్లు తమ గురించి ఏమని ప్రకటించుకున్నారంటే, ‘టూ రియల్ కూన్స్’ అని. ఈ కూన్ మన పసికూన కాదు, నల్లవాళ్లని ఈసడిస్తూ తెల్లవాళ్లు వాడే తిట్టు. తమని తిట్టే మాటనే నెత్తిన పెట్టుకుని, బజారులో నకిలీలు ఎక్కువయ్యాయి బాబూ, అసలు సిసలు మేమే అని చెప్పుకుంటే గానీ టికెట్లు తెగని పరిస్థితి.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. విలియమ్స్ పుట్టింది బహామాస్‌లో. మనిషిది ఛామనఛాయ. వేదిక మీద ఆయన మాట్లాడిన నల్లవాళ్ల యాస ఇంట్లో వచ్చింది కాదు, పట్టుబట్టి నేర్చుకున్నది. పైగా తెల్ల నటుల్లాగే ఆయనా మసి పూసుకునే స్టేజీ ఎక్కేవాడు. అంటే ‘రియల్’ అని బోర్డు కట్టి అమ్మిన సరుకు, తెల్లవాళ్లు నల్లవాళ్లని ఎలా ఊహించుకున్నారో ఆ ఊహే. 1910లో న్యూయార్క్‌లోని పేరుమోసిన పాటల, ఆటల ప్రదర్శన జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో తెల్లవాళ్ల సరసన పెద్ద తార అయ్యాక కూడా ఆ మసి వదల్లేదు.

బోర్డు పీకేసిన మనిషి రిచర్డ్ ప్రయర్ అనే నల్ల కమెడియన్. 1960ల్లో ఆయన టీవీకి పనికొచ్చే శుభ్రమైన కామెడీ చేసేవాడు, అచ్చు అప్పటి పేరున్న నల్ల కమెడియన్ బిల్ కాస్బీ బాణీలో. 1967లో లాస్ వేగస్‌లోని అల్లాదీన్ హోటల్లో, నిండు సభ ముందు, నేనిక్కడ ఏం చేస్తున్నాను అని స్టేజీ దిగి వెళ్లిపోయాడు. తర్వాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొంతకాలం ఉండి, తిరిగొచ్చాక తను పెరిగిన పియోరియా ఊరి వీధుల్లోని తాగుబోతుల్నీ పాస్టర్లనీ తన నాయనమ్మనీ ఉన్నదున్నట్టు దించేశాడు. ఎవరికీ అర్థం చెప్పడు, అర్థమైతే నవ్వు లేకపోతే లేదు. ఆ బూతు మాట, ఎన్ అక్షరంతో మొదలయ్యేది, అది కూడా ఇంట్లో అన్నట్టే అన్నాడు. 1974లో అదే మాట పేరులో పెట్టి వేసిన రికార్డు తెల్లవాళ్ల ఇళ్లలోకీ వెళ్లింది, గ్రామీ కూడా వచ్చింది. ఇంటి మాట బయటపడింది. 1979లో కెన్యా వెళ్లొచ్చి, ఇక ఆ మాట అనను అనేశాడు. చుట్టూ అందరూ నల్లవాళ్లే ఉన్న దేశంలో ఒక్కరిని చూసినా తనకి ఆ మాట తట్టలేదట.

ఇక డేవ్ షపెల్, ఈయనా నల్ల కమెడియనే. మీరు ఎంత వదిలేసినా ఈయన్ని మాత్రం వదలొద్దు. 2003లో కామెడీ సెంట్రల్ అనే టీవీ ఛానల్లో ఆయన షో మొదలైంది, దుమ్ము దులిపేసింది, 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేతికొచ్చింది. మూడో సీజన్ కోసం 2004 చివర్లో ఒక స్కెచ్ (చిన్న హాస్య నాటిక) తీస్తున్నారు. విమానంలో ఎయిర్ హోస్టెస్ వచ్చి చికెనా, చేపా అని అడుగుతుంది. (నల్లవాళ్లకి కోడి వేపుడంటే ప్రాణం అని అమెరికాలో పాత ఎగతాళి.) షపెల్ చేప అడగాలని చూస్తాడు. అప్పుడు ముఖానికి మసి పూసుకున్న ఒక బుల్లి షపెల్ ప్రత్యక్షమై, చికెన్ తీసుకో అని ఎగురుతూ చిందులేస్తాడు. స్కెచ్ ఉద్దేశం మంచిదే, మనిషి లోపల కూర్చుని సిగ్గుపడేలా చేసే దెయ్యం అది. కానీ షూటింగ్‌లో ఒక తెల్లాయన కాస్త ఎక్కువసేపు, కాస్త గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు షపెల్‌కి గుచ్చుకుంది. 2005లో షో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు, 2006లో ఓప్రా విన్‌ఫ్రీ టీవీ షోలో ఆమె ముందు కూర్చుని ఆ నవ్వు గురించి చెప్పాడు.

అదే వేషం, అదే మాట, మారింది నవ్వినవాడు. ఇంకో నల్ల కమెడియన్ క్రిస్ రాక్ కూడా 1996 నాటి తన పేరుమోసిన ఐటమ్‌ని తర్వాత పక్కన పెట్టేశాడు, జాతి ద్వేషం ఉన్నవాళ్లు కొందరు దాన్ని ఆ ఎన్ అక్షరం మాట అనడానికి లైసెన్స్ అనుకున్నారని.

జవాబు:
అయితే తెల్లవాడు నవ్వితే తప్పాండీ? టికెట్ కొన్నవాడు ఎందుకు నవ్వాడో ఆరా తీస్తూ కూర్చుంటే కామెడీ ఎవడు చేస్తాడు? పైగా షపెల్ షోని ఆయనతో కలిసి పుట్టించిన నీల్ బ్రెన్నన్ తెల్లవాడే.

జవాబు:
తెల్లవాళ్లు మొదటి రోజు నుంచీ నవ్వుతూనే ఉన్నారు, షపెల్ ఎప్పుడూ వద్దనలేదు. బ్రెన్నన్ సంగతి మంచి పాయింటు. ఆ షోలో పాల్ మూనీ కూడా ఉన్నాడు, ప్రయర్‌కి జోకులు రాసిన పాత కాపు, తెల్లవాళ్ల మొహం మీదే కడిగేసే మనిషి. ఇద్దరూ పనిచేసిన షోని ఒంటి రంగు చూసి అసలా నకిలీనా అని తేల్చలేం. షపెల్ గొడవ ఎవరు రాశారన్నది కాదు. ఆ ఒక్క నవ్వు జోకుకి వచ్చిందా, మసికి వచ్చిందా అని. నవ్వినవాడి మనసులో ఏముందో మనకి తెలీదు, షపెల్‌కీ తెలీదు, అయినా అనుమానం వచ్చాక మళ్లీ ఆ వేషం కట్టడం ఆయన వల్ల కాలేదు. ఛానల్ వాళ్లు మాత్రం 2006లో ఆ స్కెచ్‌ని ఆయన లేకుండానే ప్రసారం చేశారు, చేసి, ఇది తప్పా ఒప్పా అని స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల్నే అడిగారు! పంచాయితీ పెట్టి దాన్నీ షోలో కలిపేశారు. నాకు ఆ స్కెచ్ కంటే ఇదే ఎబ్బెట్టుగా అనిపించింది.

జవాబు:
బోర్డు బయటివాడి కోసమే అన్నారు గానీ అన్నగారూ, కీ, పీల్ అనే ఇద్దరు కమెడియన్ల టీవీ షో ‘కీ అండ్ పీల్’లో స్కెచ్ ఒకటుంది, 2012 నాటిది. ఒక నల్లాయన రోడ్డు మీద భార్యకి నాటకం టికెట్ల గురించి మెత్తగా ఫోన్‌లో చెప్తుంటాడు. ఇంకో నల్లాయన ఫోన్ మాట్లాడుతూ పక్కకి రాగానే ఇద్దరి గొంతులూ మొరటుగా మారిపోతాయి. దాటి వెళ్లాక రెండోవాడు సన్నటి గొంతుతో, అమ్మో, నన్ను దోచుకుంటారనుకున్నా అంటాడు. అక్కడ తెల్లవాడు ఒక్కడూ లేడు.

జవాబు:
లేడు, కానీ ఇద్దరూ ఒకరికొకరు బయటివాళ్లే కదా ఆ క్షణానికి. కీ, పీల్ ఇద్దరికీ తల్లి తెల్లావిడ, నువ్వు సరిపడా నల్లవాడివేనా అన్న పరీక్ష వాళ్లకి బాగా తెలిసినట్టుంది, అందుకే అంత కచ్చితంగా పేలింది. ఈ ఉదాహరణ వ్యాసంలో తప్పకుండా పెట్టండి, నా కడప సంకటి కంటే మేలు.

జవాబు (ప్రశ్న అడిగినవారు):
చాలా థాంక్స్ అందరికీ. ‘అసలు సిసలు’ ఖాయం చేస్తున్నాను, కానీ వచ్చిన ప్రతిసారీ అది ఎవరి నోటి మాటో పక్కన రాస్తాను: టికెట్లు అమ్మేవాడిదా, విమర్శకుడిదా, కమెడియన్‌దా అని. ఇక ఆ ఎన్ అక్షరం మాటని తెలుగు లిపిలో పూర్తిగా రాయాలా, చుక్కలు పెట్టాలా అన్నది మిగిలింది. అమెరికాలో చదువుకునే మన పిల్లలు ర్యాప్ పాటల్లో విని స్నేహితుల మధ్య అలవోకగా అనేస్తున్నారని మా మేనల్లుడు చెప్పాడు, అందుకే ఆలోచిస్తున్నాను. దానికి వేరే పోస్టు పెడతాను, ఇదే చర్చలో కలిపేస్తే అడ్మిన్ గారు ఊరుకోరు.