తొమ్మిదో తరగతికి ఫొటో ఎడిటింగ్ పాఠం ఉంచాలా, తీసేయాలా?

నల్లబల్ల:
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. వారానికి రెండు పీరియడ్లు. గదిలో కంప్యూటర్లు పది, ఆన్ అయ్యేవి ఏడు, పిల్లలు నలభై ఒక్కమంది. ఈ ఏడాది తొమ్మిదో తరగతికి ఫొటోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌తో ఫొటో ఎడిటింగ్ ఆరు వారాలు పెట్టుకున్నాను. మా ప్రధానోపాధ్యాయుడు గారు మొన్న నిలదీశారు: "ఫోను మీద వేలు పెడితే వెనకున్న గోడ మాయమవుతోంది. దానికి ఆరు వారాలా మాస్టారూ? ఆ పీరియడ్లలో ఎక్సెల్ చెప్పండి."

మరుసటి రోజే ఒక పిల్ల ఆయన మాట రుజువు చేసింది. ఇంట్లోవాళ్ల ఫొటో ఒకటి తెచ్చి వెనక గోడ తీసేయమంటే మిగతావాళ్లు పీరియడంతా అంచు వెంబడి చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఈ పిల్ల తన చెల్లెలి ఫొటోను నాన్న ఫోనులోనే చేసి తెచ్చింది. శుభ్రంగానే ఉంది. కానీ చెల్లెలి జడలోని మల్లెపూలు సగం గోడతో పాటే పోయాయి. "పూలేవమ్మా?" అంటే, అప్పటిదాకా చూసుకోలేదంది. నా బాధంతా ఆ చూసుకోకపోవడం గురించే. ఆరు వారాలు నేర్పితే ఆ చూపు వస్తుందా అంటే గట్టిగా చెప్పలేను. మీరేమంటారు?

పాత డీటీపీ:
ఫ్లెక్సీల షాపు నడుపుతున్నాను. పాఠం ఉంచండి మాస్టారూ, కానీ మొదలుపెట్టాల్సింది గోడ తీసేయడంతో కాదు, కొలతతో. నా దగ్గరకు పనికోసం వచ్చే కుర్రాళ్లకు అక్షరాల చుట్టూ మెరుపులు పెట్టడం వచ్చు. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారిన ఫొటో తెచ్చి పది అడుగుల ఫ్లెక్సీ కావాలంటే, కుదరదని ఎలా చెప్పాలో రాదు. లెక్క చిన్నదే. ఫొటో వెడల్పు 1200 పిక్సెళ్లు (ఫొటోను కట్టే చిన్న చదరాలు), పది అడుగులంటే 120 అంగుళాలు, అంగుళానికి వచ్చేవి పదే పిక్సెళ్లు. పెళ్లికొడుకు ముఖం ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. ఆ తర్వాత తిట్లు నాకు.

రెండోది తెలుగు. మా షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత ఫాంట్లే (అక్షర రూపాలే) నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కావు, అందులో కొట్టిన మాటను ఫోనులో అతికిస్తే ఏ భాషా కాని గీతలు వస్తాయి. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు విడిపోయి పక్కన కూర్చునేవి. జింప్‌లో ఆ గొడవ లేదు. రామభద్ర, మండలి, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. తన ఊరి పేరు తప్పు లేకుండా ఒక చిత్రం మీద వేయగలిగిన పిల్లవాణ్ణి పంపండి, రేపే పనిలో పెట్టుకుంటాను.

ఎనిమిదో తరగతి పిల్ల తల్లి:
అందరూ పని గురించే మాట్లాడుతున్నారు. నేను భయం గురించి అడుగుతాను. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకు అతికించి వదిలారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన ఆంధ్ర కుర్రాడినే, ఇంజనీరింగ్ చదివినవాణ్ణే. మా బంధువుల అమ్మాయి ఫొటోతోనూ తరగతిలో ఎవరో అలాంటి పనే చేశారు, ఆ పిల్ల నెల రోజులు బడికి వెళ్లలేదు. మాస్టారు గారూ, అతుకు కనబడకుండా అతికించడం మీరు నేర్పుతున్నారు. ఆ నలభై ఒక్కమందిలో ఎవరి చేతికి ఇస్తున్నారో మీకు తెలుసా?

కొచ్చి తెలుగు:
అమ్మా, అలాంటి పాడు పని చేసేవాడికి జింప్ అక్కర్లేదు, యాప్ ఉంది. ఈ పాఠం ఆపినా వాడు ఆగడు. ఇక్కడ కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైంది, ఇప్పుడు దాని పేరు కైట్. ప్రభుత్వ బడుల్లో జింప్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి లైసెన్సు ఖర్చు లేదు.

మాస్టారికి ఒక సలహా. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రఫిక్ ముఖచిత్రం చూపించండి. అడ్డంగా తీసిన ఫొటో నిలువు అట్టకు పట్టేలా ఈజిప్టు పిరమిడ్లను దగ్గరకు జరిపారు. 1994లో టైమ్ పత్రిక, హత్య కేసులో అరెస్టయిన అమెరికా ఆటగాడు ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోను నల్లగా మార్చి వేసింది, అదే ఫొటోను న్యూస్‌వీక్ మార్చకుండా వేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి "ఏం మారింది?" అని అడగండి. ఆ పని తన చేతులతో ఒకసారి చేసి చూసిన పిల్ల త్వరగా పట్టుకుంటుంది, నీడ ఏ వైపు పడిందో వెతుకుతుంది.

ఎనిమిదో తరగతి పిల్ల తల్లి:
తాళం తీయడం నేర్పితే దొంగలను పట్టడం వస్తుందంటే నేను నమ్మను. అయినా పాఠం పెట్టాలంటే చట్టంతో మొదలుపెట్టండి. పిల్లల అశ్లీల చిత్రాలు తయారుచేసినా, పంచినా ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కింద మొదటి తప్పుకే అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. మైనరైతే బాలల న్యాయమండలి ముందుకు వెళ్లాలి. తొమ్మిదో తరగతి మగపిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో చేతులెత్తించి చూడండి.

పైథాన్ పక్షం:
ప్రధానోపాధ్యాయుడు గారిదే సరైన మాట. లేయర్లు (ఫొటో మీద పొరలు), మాస్కులు (కొంత భాగాన్ని దాచే ముసుగులు) అయిదేళ్లలో టైపురైటర్ పక్కన చేరతాయి. మాటతో చెబితే బొమ్మ మారిపోయే రోజుల్లో ఈ చుక్కలు పెట్టుకునే చాకిరీ ఎందుకు? ఆరు వారాలూ ప్రోగ్రామింగుకు ఇవ్వండి.

బ్యాంకు పరీక్షల బాధితుడు:
పక్షం గారూ, ఆ అయిదేళ్లు గడిచేలోపు నాలాంటివాళ్లం ఎన్ని దరఖాస్తులు పెట్టాలో లెక్కేయండి. బ్యాంకు పరీక్షకు ఫొటో 200 బై 230 పిక్సెళ్లు, ఫైలు బరువు 20 నుంచి 50 కేబీ మధ్య. సంతకం 140 బై 60, 10 నుంచి 20 కేబీ. నా సంతకం 9 కేబీ వచ్చిందని వెబ్‌సైటు మూడుసార్లు తిప్పికొట్టింది. చివరికి నెట్ సెంటర్ అన్నకు యాభై రూపాయలిచ్చాను, ఆయన అర నిమిషంలో చేసిపెట్టాడు. డిగ్రీ చదివిన నాకు పిక్సెల్ వేరు, కేబీ వేరు అని ఎవరూ చెప్పలేదు. జింప్‌లో ఫొటో ఫైలు రకమైన జేపెగ్‌గా ఎగుమతి చేసేటప్పుడు నాణ్యత మీటను జరుపుతుంటే ఫైలు ఎంతకు దిగుతోందో అక్కడే కనబడుతుందట. ఈ ఒక్కటి నేర్పినా చాలు.

నల్లబల్ల:
ఇవన్నీ చూపించాక ప్రధానోపాధ్యాయుడు గారు మూడు వారాలకు ఒప్పుకున్నారు, మిగతా మూడూ ఎక్సెల్‌కే. మొదటి వారం కొలతలు: దరఖాస్తు ఫొటో, సంతకం, ఫ్లెక్సీ లెక్క. రెండో వారం అతకడం, కానీ మనుషుల ఫొటోలు లేవు. సైకిలు, బంతిపూలు, బడి గేటు, వాటి మీద ఊరి పేరు తెలుగులో. మూడో వారం పిరమిడ్లు, సింప్సన్ ఫొటో, 67బి. పక్షం గారి మాట తప్పని నేననను, ప్రోగ్రామింగ్ పదో తరగతికి దాచుకున్నాను.

ఎనిమిదో తరగతి పిల్ల తల్లి:
చట్టం పాఠం మూడో వారానికి నెట్టారు. సరే, అతికించడం మనుషుల మీద కాదు కదా, ఒప్పుకుంటాను. మీ బడిలో ఆ రోజు తల్లిదండ్రులను కూర్చోనిస్తారా?

నల్లబల్ల:
కూర్చోనిస్తామమ్మా. శనివారం రెండో పీరియడ్. కుర్చీలు తక్కువ, కాస్త ముందుగా రమ్మని చెబుతున్నాను.