‘నీట వేసి చూడ’యా, ‘నీట వేచి చూడ’యా?

ప్రశ్న (విజయనగరం పాఠకుడు): ఇంటర్మీడియట్‌లో మాకు రసాయనశాస్త్రం చెప్పిన అధ్యాపకులు రెండు బీకర్లలో నీళ్లు పోసి, ఒకదానిలో ఉప్పు, రెండవదానిలో కర్పూరం పొడి వేస్తూ ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ అని వేమన పద్యం ఎత్తుకునేవారు. రెండవ పాదానికి వచ్చేసరికి మాత్రం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అనకుండా ‘నీట వేసి చూడ నిజము తెలియు’ అనేవారు. అది ‘వేసి’యో ‘వేచి’యో నాకు రూఢిగా గుర్తు లేదు. ఈ పాదం ఏ పాఠాంతరంలోనైనా ఉన్నదా? సరైన అక్షరం ఏది?

ఆటవెలది అభిమాని: ఛందస్సు ఈ తగవు తీర్చదు. ‘వేసి’ అన్నా ‘వేచి’ అన్నా గురువు, లఘువు కలిసిన హగణమే. అయిదు సూర్యగణాలు సరిపోయాయి. ‘నీట’కు ‘నిజము’తో యతి కూడా చక్కగా కుదిరింది. కట్టినవారు ఎవరైనా ఆటవెలది నడక తెలిసినవారే. అర్థం చూస్తే మాత్రం ‘వేసి’ తప్ప మరొకటి పొసగదు. ‘నీట వేచి’ అంటే నీటిలో నిలబడి ఎదురుచూసేది ఎవరు? పైగా ‘వేచి చూచు’ అనే జంట ఈనాటి పత్రికల వాడుక. పాత తెలుగులో ‘వేచు’ అంటే పొంచి ఉండడం, లేదా గింజలను వేయించడం.

హైదరాబాదు ల్యాబ్ రసాయనుడు: అభిమాని గారూ, పదార్థాల ద్రావణీయతను కొలవడం నా నిత్యవృత్తి కనుక నా ఓటు ‘వేచి’కే. నీటిలో వేయడం ఎవరికైనా క్షణంలో అయ్యే పని. పరీక్ష అంతా ఆ తరువాతి ఎదురుచూపులోనే ఉంటుంది. ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) వారి 105వ పరీక్షా విధానంలో, లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి కరిగే పదార్థాలకు ఫ్లాస్కు పద్ధతి చెప్పారు. కరుగుతుందని అంచనా వేసిన దానికి సుమారు అయిదు రెట్ల పదార్థాన్ని తూచి, మూడు పాత్రలలో నీటితో కలిపి, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద కదుపుతూ ఉంచుతారు. ఒక రోజు గడిచాక మొదటి పాత్రను తీసి, 20 డిగ్రీల వద్ద 24 గంటలు నిలకడకు వదిలి, అడుగున మిగిలిన ఘనపదార్థాన్ని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి, పైనున్న తేటలో ఎంత కరిగిందో కొలుస్తారు. రెండవ పాత్రను రెండు రోజులకు, మూడవదాన్ని మూడు రోజులకు తీసి, ఇదే విధంగా చూస్తారు. చివరి రెండు అంకెలు 15 శాతానికి మించి తేడా పడకపోతేనే ఫలితాన్ని నమ్ముతారు. వేసిన వెంటనే చూసేవాడికి తెలిసేది ఎంత త్వరగా కరుగుతున్నదన్నదే గాని, ఎంత కరుగుతుందన్నది కాదు. ‘నిజము తెలియు’ అనాలంటే వేచి తీరవలసిందే.

కడప తెలుగు పండితుడు: రసాయనుడు గారు ‘తేట’ అన్నారు కనుక ఒక మాట. సున్నం నీటిలో కలిపి, తెల్లటి మడ్డి అడుగుకు దిగేదాకా కదపకుండా ఉంచి, పైనుంచి వంచుకున్నదాన్ని మనవాళ్లు సున్నపు తేట అన్నారు. అది సంతృప్త ద్రావణం కాక మరేమిటి?

ఇక అసలు పద్యానికి వస్తాను. ‘చూడ చూడ’ అన్న ఆమ్రేడితాన్ని చాలామంది పాదపూరణగా వదిలేస్తారు. ‘అనగ ననగ రాగ మతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు’ అన్న కవి ఒక క్రియను రెండుసార్లు అన్నాడంటే, అందులో కాలం గడవడం ఉన్నది, విడువని అభ్యాసం ఉన్నది. అలాగే చూడగా చూడగా కాని రుచుల జాడ తెలియదని ఇక్కడి భావం. మన చూపు కంటితో ఆగేది కాదు. రుచి చూస్తాం, నాడి చూస్తాం, బరువు చూస్తాం. ఎదురుచూపు, పరీక్ష రెండూ వేమన మాటలోనే ఉన్నప్పుడు, దాన్ని తీసివేసి ‘వేచి చూడ’ అని విడమరచి చెప్పవలసిన అవసరం ఏమున్నది? 1829లో బ్రౌను అచ్చు వేయించిన నాటినుంచి ఈ పద్యాలకు పాఠాంతరాలు లెక్కకు మించి ఉన్నాయి గాని, ఈ ‘నీట’ పాదం నా కంటపడలేదు. అది ఆ అధ్యాపకుల సొంత పూరణే అయి ఉంటుంది.

శ్రీకాకుళం ఉపాధ్యాయురాలు: మా ప్రాంతపు నోటిలో ‘చూడు’ ‘సూడు’ అవుతుంది, ‘చేసి’ ‘సేసి’ అవుతుంది. మాష్టారు ‘వేచి’ అని ఉంటే, ఉత్తరాంధ్ర చెవికి అది ‘వేసి’గా వినబడి ఉండవచ్చు.

ఆటవెలది అభిమాని: ఆ మార్పు ఎక్కువగా పదాది చకారానికే గదా, అమ్మా! పదమధ్యంలోని చకారానికి దాన్ని అన్వయించడం కష్టం.

రసాయనుడు గారికి మరొక మనవి. ఆ అధ్యాపకులు చేసినది కొలత కాదు, పోల్చి చూపడం. వంద మిల్లీలీటర్ల నీటిలో ఉప్పు సుమారు 36 గ్రాములు కరిగితే, కర్పూరం 0.12 గ్రాము మాత్రమే కరుగుతుంది. అంటే గ్లాసెడు నీటిలో వేసిన చిన్న కర్పూరపు పలుకును కదుపుతూ చాలాసేపు వేచి ఉంటే, అదీ కనబడకుండా పోతుంది. అప్పుడు ఉప్పుకూ కర్పూరానికీ తేడా ఏమి మిగులుతుంది? వేసీ వేయగానే చూస్తేనే, ఉప్పు మునిగి కరగడం, కర్పూరపు పలుకు నీటిమీద తేలి గిరగిర తిరగడం కనబడతాయి. కనుక ఇక్కడ ‘వేసి’యే శాస్త్రీయం.

హైదరాబాదు ల్యాబ్ రసాయనుడు: మీరు చెప్పిన అంకెలు సరైనవే, కాని అవే నా పక్షాన నిలుస్తాయి. కర్పూరం నీటిలో బొత్తిగా కరగదని ఎందరో నమ్ముతారు. ఔషధ గ్రంథాల కొలబద్ద ప్రకారం, ఒక భాగం కరగడానికి వందనుంచి వెయ్యి భాగాల నీరు పట్టే పదార్థాన్ని ‘కొద్దిగా కరిగేది’ అంటారు. కర్పూరానికి ఎనిమిది వందల పైచిలుకు భాగాలు పడతాయి కనుక అది ఈ తరగతిలోకే వస్తుంది. పదివేల భాగాలు దాటినా కరగనిదాన్నే ‘దాదాపు కరగనిది’ అంటారు. గుడిలో తీర్థం నోట పోసుకోగానే పచ్చకర్పూరం జాడ నాలుకకు తగలడానికి ఆ కొద్దిపాటి కరుగుదలే కారణం. వేసిన వెంటనే చూసి తీర్పు చెప్పేవాడు ఆ తీర్థాన్ని ఉత్త నీళ్లంటాడు.

కడప తెలుగు పండితుడు: తీర్థంలో కర్పూరాన్ని పట్టి ఇచ్చింది నాలుకే అని మీరే అన్నారు. ‘రుచుల జాడ వేరు’ అన్న పాఠాన్ని ఎందుకు వదులుకోకూడదో దీన్నిబట్టే తెలుస్తున్నది. అయితే ‘రుచి’కి సంస్కృతంలో కాంతి అనే అర్థం కూడా ఉన్నది. చూపులో ‘ఒక్క పోలిక’ అన్నాక మళ్లీ కాంతి భేదం చెప్పడం కుదరదని నా అభిప్రాయం. వేరుగా తలచేవారు ఉంటే, వారి వాదం వినాలని ఉన్నది.

విజయనగరం పాఠకుడు: అందరికీ కృతజ్ఞతలు. ఆనాటి సహాధ్యాయి ఒకరిని అడిగితే, తనకు ‘నీట కలిపి చూడ’ అని గుర్తున్నదన్నారు.

ఆటవెలది అభిమాని: ‘కలిపి’ నగణం, అదీ సూర్యగణమే కనుక ఛందస్సు దానికీ అడ్డు చెప్పదు.