జింగిల్‌కి తెలుగు మాట వెతికే ముందు మకుటం సంగతి చూడండి

"జింగిల్‌ని తెలుగులో ఏమనాలి" అని మొదలైన చర్చ ప్రచారగీతం, ప్రకటనగేయం, వాణిజ్యగీతిక దాకా పోయింది. ఏటండీ ఈ తంటా, రేడియో విన్నవాళ్ళందరికీ జింగిల్ అంటే ప్రకటనలో వచ్చే చిన్న పాటని తెలుసు, ఆ మాట అలాగే ఉంచేద్దాం. నాకు ఆసక్తి దాని కట్టుబడి మీద, అందులోనూ మకుటం మీద, అంటే శతకంలో ప్రతి పద్యం చివరా మళ్ళీ మళ్ళీ వచ్చే పిలుపు మీద.

ఈ చర్చకి మూలం అరటిపళ్ళ జింగిల్ పాడిన అమెరికా గాయని మోనికా లూయిస్, ఆవిడ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ 1922లో షికాగోలో పుట్టారు, బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌తో పాడారు, ఎంజీఎం సినిమాల్లో వేశారు, 1948 జూన్ 20న ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమం మొట్టమొదటి ప్రసారంలో కనిపించారు. ఇంత చేసినా జనం గుర్తుపెట్టుకున్నది అరటిపండు గొంతునే. చికీటా అనే అరటిపళ్ళ బ్రాండు పాట 1944 నాటిది, మొదట పాడింది పాటీ క్లేటన్, 1947 నుంచి మోనికా. అరటిపళ్ళు ఫ్రిజ్‌లో పెట్టకండి అని పండే వచ్చి చెబుతుంది అందులో.

ఇప్పుడు ఆ పాటలోని "చికీటా బనానా" అన్న పేరుకి గురులఘువులు (పొడుగు, పొట్టి అక్షరాలు) వేయండి. చికీటా: లఘువు, గురువు, గురువు, అంటే యగణం. బనానా: మళ్ళీ యగణం. రెండూ కలిస్తే, పాదానికి నాలుగు యగణాలుండే భుజంగప్రయాత వృత్తంలో సరిగ్గా సగం పాదం! సుబ్రహ్మణ్య భుజంగం చదివే అలవాటున్నవాళ్ళు ఆ పాట వింటే వెంటనే పట్టేస్తారు. ఇంగ్లీషు పాట నడిచేది ఊనిక మీద, మన మాత్రల మీద కాదు, కాబట్టి ఇది మన చెవికి దొరికే సరదా మాత్రమే, దీనిమీద సిద్ధాంతం కట్టొద్దు.

సిద్ధాంతం కట్టాలంటే మకుటం మీద కట్టండి. "శ్రీకాళహస్తీశ్వరా" అన్న ఏడక్షరాలు శార్దూలం చివరా అతుకుతాయి, మత్తేభం చివరా అతుకుతాయి, ఎందుకంటే ఆ రెండు వృత్తాల చివరి ఏడక్షరాల నడక ఒకటే. "దాశరథీ కరుణాపయోనిధీ" ఉత్పలమాలకీ చంపకమాలకీ అలాగే సరిపోతుంది. పేరు ముందు కుదిరింది, ఛందస్సు దాని వెంట నడిచింది. జింగిల్ రాసేవాడి పనీ ఇదే: సబ్బు పేరు కంపెనీవాడు పెట్టేశాడు, దాన్ని మార్చడానికి లేదు, మిగతా మాటలన్నీ దానికి లొంగాలి.

ఇంకో సంగతి. తెలుగులో పేరు పెట్టగానే తో, కి, ని, లో వచ్చి తోకలా పట్టుకుంటాయి, లెక్క చెడుతుంది. శతక కవి ఈ గొడవ లేకుండా పేరుని సంబోధనలో పెట్టేశాడు. వేమా, సుమతీ, దాశరథీ, అన్నీ పిలుపులే. విభక్తి ప్రత్యయం తగలదు, పేరు చెక్కుచెదరదు, పైగా చివర దీర్ఘం తీసుకోవచ్చు. చికీటాలో పండే తన పేరు తాను చెప్పుకుంటుంది కాబట్టి అక్కడా ప్రత్యయం బాధ లేదు. తెలుగు జింగిళ్ళలో ఎక్కడైనా పేరు నలిగినట్టు వినిపిస్తే మొదట విభక్తినే అనుమానించండి.

పాడినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మా విజయనగరం ఆడపడుచు సుశీలగారు కూడా సినిమాలకి ముందు మద్రాసు రేడియోలో పాడినవారే, కానీ ఆవిడ సినిమా పాట వేస్తే అనౌన్సరు "గానం పి. సుశీల" అని చెప్పి మరీ వేస్తాడు. 1967 నవంబరు 1న వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి, అప్పటినుంచి ఇప్పటిదాకా జింగిల్ ముందు "గానం" అన్న మాట నేను వినలేదు. పైసలిచ్చినవాడి పేరే మకుటం, గొంతు ఎవరిదైతేనేం! నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. మోనికాగారికి కనీసం టీవీ, సినిమా ఉన్నాయి కాబట్టి పేరు మిగిలింది.

ఛందస్సు అభిమానులకి ఓ పని. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఉంది కదా, గణాలు కట్టి చూడండి: లల గలగ (ల అంటే లఘువు, గ అంటే గురువు). దానికి "కదా" చేర్చి "అమృతాంజనం కదా" అంటే ఉత్పలమాల, చంపకమాల రెండింటి చివరికీ అతుకుతుంది. మకుటం నేనిచ్చాను, పైన మూడు పాదాలూ నాలుగోదాంట్లో మిగిలిందీ తలనొప్పి ఉన్నవాళ్ళు రాయండి. యతిప్రాసలు తప్పితే ఛందస్సు మాస్టార్లు ఊరుకోరు, నాకు సంబంధం లేదు.