ఇంటికి మొదటి పనిముట్లు: 108 ముక్కల పెట్టెనా, విడివిడిగా ఆరేడా?

పాతూరు కుర్రోడు (అనంతపురం)

అన్నలూ అక్కలూ, మా ఇంట్లో ఒక తగాదా తీర్చండి. మేడ మీద చిన్న గది ఖాళీగా ఉంది. అక్కడొక బల్ల వేసుకుని ఆదివారాలు చెక్కపని, ఇంటి రిపేర్లు చేసుకోవాలని ఉంది. ఒరుసుకునే తలుపుకు చిత్రిక పట్టడం, మడతబందులు మార్చడం, పుస్తకాలకు ఒక అర చేయడం, ఇంతే. చేతిలో 5,000 ఉంది. మా మామ ఫోన్‌లో ఒక పెట్టె చూపించాడు. 108 ముక్కలు, 3,200. "అన్నీ ఒకేసారి వస్తాయి కదా అల్లుడూ" అంటాడు. నా ఫ్రెండేమో ఆ పెట్టె కొంటే ఇంటికి రానంటున్నాడు. డ్రిల్లు మిషను మా తమ్ముడి దగ్గర ఉంది, దాని ఊసు వద్దు. చేతి పనిముట్ల సంగతి చెప్పండి.

బురుజు నీడ (కర్నూలు)

మామ మాటే విను తమ్ముడూ. నేను అట్లాంటి పెట్టె కొని ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు మారాను, ప్రతిసారీ పెట్టె చంకన పెట్టుకుని పోవడమే. బైకు చైను బిగించాలన్నా, గ్యాస్ స్టవ్ నట్టు వదులైనా దాంట్లో ఏదో ఒకటి సరిపోతుంది. ఏ సైజు అవసరం పడుతుందో ముందే ఎవరికి తెలుసు? పైగా మంచివే కొనాలని చెప్పే పెద్దమనుషులంతా మొదట చవకవి కొని, పాడు చేసి, నేర్చుకున్నవాళ్ళే.

ముసలి ఫిట్టరు (గుంతకల్లు)

బురుజు నీడా, నువ్వు చెప్పింది బైకు పని. ఈ పిల్లోడు అడిగింది చెక్కపని. రెండూ ఒకటి కాదప్పా.

ఆ పెట్టె తెరిచి ఒకసారి లెక్క పెట్టు. 108లో సగం స్క్రూడ్రైవర్ బిట్లే. మిగిలినవాటిలో ఎక్కువ నట్లు తిప్పే సాకెట్లు. ఒక సుత్తి, ఒక ప్లేయరు, ఒక టేపు ఉంటే ఉంటాయి. ఉలి ఉండదు, మూల సరిగ్గా ఉందో చూసే మూలమట్టం ఉండదు, చిత్రిక అసలే ఉండదు. తలుపు ఒరుసుకుంటే సాకెట్టుతో గీకుతాడా?

నేను రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా ఇనుముతోనే బతికినవాణ్ణి. పోయిన ఏడాది మా అల్లుడు ఇట్లాంటి పెట్టే తెచ్చాడు, పేరు చెప్పను. దేవుడి గది తలుపుకు బందు మారుస్తున్నాడు. టేకు చెక్క, స్టార్ స్క్రూ. మూడో స్క్రూ సగం దిగేసరికి బిట్టు మొన గుండ్రంగా అయిపోయింది. అది జారి స్క్రూ తలనూ తినేసింది. ఇప్పుడు స్క్రూ లోపలికీ పోదు, బయటికీ రాదు. దాన్ని తీయడానికి నాకు గంట పట్టింది. బిట్టు మీద క్రోమ్ వెనేడియం అని, అంటే గట్టి ఉక్కని, అచ్చు మాత్రం ముచ్చటగా ఉంది. అచ్చు కొట్టడానికి ఏముంది, ఎవరైనా కొడతారు.

నా 5,000 అయితే ఇట్ల పెడతా. రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, ఇంట్లో కనిపించే స్టార్ స్క్రూల్లో ఎక్కువ భాగం దానికే వస్తాయి. ఒక చదును మొన స్క్రూడ్రైవర్. అర కిలో లోపు సుత్తి. కటింగ్ ప్లేయరు, నాసిక్‌లో చేసే టపారియా అయినా సరే, జలంధర్ సరుకులో మంచిదైనా సరే. అర అంగుళం, ముప్పావు అంగుళం ఉలులు రెండు. మూలమట్టం. చెక్క కోసే రంపం. ఇనుము కోసే హ్యాక్సా ఫ్రేము, దానికి అంగుళానికి 24 పళ్ళ బ్లేడ్లు. బ్లేడు బిగించేటప్పుడు పళ్ళ మొనలు ముందుకు ఉండాలి, ఎంతమంది తిప్పి బిగిస్తారో చూశా. ఇంకా డబ్బు మిగిలితే చెక్కను బిగించి పట్టే క్లాంపులు రెండు. చిత్రిక తర్వాత నెల.

సీమ సిన్నోడు (కడప)

విశ్వకర్మ పథకం కింద పనిముట్లకు 15,000 ఇస్తారంట కదా, అప్లై చేసుకోవచ్చుగా?

ముసలి ఫిట్టరు (గుంతకల్లు)

సామీ, అది 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్ర పథకం. వడ్రంగం, కమ్మరం లాంటి 18 రకాల చేతివృత్తుల వాళ్ళకు. 15,000 దాకా వోచరు ఇచ్చేది ఆ పని మీదే బతికేవాళ్ళకు. ఆదివారం వడ్రంగులకు కాదు.

ప్రొద్దుటూరు చెక్కపని (ప్రొద్దుటూరు)

ఫిట్టరు గారి లిస్టుతో నాకు ఇబ్బంది లేదు గానీ, ఒకటి మర్చిపోయారు. పదును. కొత్త ఉలి అంగట్లోంచి వచ్చినట్టే వాడితే చెక్కను కోయదు, నలుపుతుంది. నేను మొదటిసారి ఉలి కొనడానికి పోతే ఆ అంగడాయన "సారుని పంపండమ్మా, ఆయనకు తెలుస్తుంది" అన్నాడు. మా సారుకు ఉలికీ స్క్రూడ్రైవర్‌కీ తేడా తెలియదు. సరే, ఆ కథ వదిలేయండి.

పదునుకు వేలు పెట్టి విదేశీ రాళ్ళు కొనక్కర్లేదు. మన దగ్గర కడప బండ ఉంది. పాలిష్ పట్టిన అడుగు ముక్క, బండలు కోసే చోట తునకల్లో పడి ఉంటుంది. స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, కింద నుంచి వెలుతురు రాకుంటే బండ చదునుగా ఉన్నట్టే. దాని మీద నీళ్ళు చల్లి వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) పరిస్తే అతుక్కుంటుంది. 320 నంబరుతో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా. ముందు ఉలి వీపు, అంటే వాలు లేని వైపు, మొన దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా చేయాలి. అందరూ వదిలేసేది ఇదే. తర్వాత వాలు వైపు, 25 డిగ్రీలు. చివర్లో నాలుగైదు సార్లు కొంచెం పైకెత్తి, 30 దగ్గర. వీపు వైపు బొటనవేలు మొన నుంచి బయటికి లాగితే సన్నగా గరుకు తగలాలి. మొన మొత్తం తగిలితే ఆ వైపు పని అయినట్టు, వీపును ఒకసారి ఆనించి ఆ గరుకు తీసేయాలి. అప్పుడు మొన ఆనిస్తే ముంజేతి మీద వెంట్రుకలు రాలతాయి, మా అమ్మాయికి అది చూస్తే నవ్వు.

అంత పదును నిలబెట్టుకోలేని ఉలి ఎంత చవకైనా దండగే. ఆ పెట్టెల్లో ఉలి వచ్చినా నేను తీసుకోను.

బురుజు నీడ (కర్నూలు)

బండ మీద నూరడం మా అవ్వకు తెలుసమ్మా, కొడవలి నేరుగా బండ మీదే నూరేది. పేపర్ కూడా లేదు.

ప్రొద్దుటూరు చెక్కపని (ప్రొద్దుటూరు)

మీ అవ్వ నూరింది గరుకు రాయి అయ్యుంటుందన్నా. కడప బండ సున్నపురాయి, మెత్తన. దాని మీద నేరుగా నూరితే బండే అరుగుతుంది. ఇక్కడ బండ పని చదునుగా ఉండటం వరకే, కోసేది పేపర్.

కొలిమి పక్కన (ఆళ్ళగడ్డ)

అందరూ కంపెనీ ఉలి గురించే మాట్లాడుతున్నారు. మా ఊరు శిల్పుల ఊరు, రాతి ఉలి మొన మొద్దుబారితే మళ్ళీ కొలిమిలో పెట్టి సాగదీయించుకుంటారు. చెక్క ఉలి కూడా కమ్మరి ఆచారి దగ్గర లారీ కమాను కట్టతో చేయించుకోవచ్చు. నా దగ్గర మా నాయన వాడినది ఇప్పటికీ ఉంది, తుమ్మ పిడి. మొన విరిగితే ఆచారే బాగు చేస్తాడు. ఆన్‌లైన్‌లో కొన్నది విరిగితే ఎవర్ని అడుగుతావు?

ముసలి ఫిట్టరు (గుంతకల్లు)

నాయన ఉలి మీద మాట పడనీయవు, అది సరే. కానీ ఉక్కు సంగతి చెప్పుకోవాలి. కమాను కట్టలో కార్బన్ అర శాతానికి కొంచెం పైన. ఇనుము రాకే ఆకురాయి (ఫైలు) ఉక్కులో దానికి రెట్టింపు. కమాను ఉక్కు మొండిది, తొందరగా విరగదు, గొడ్డలికీ గడ్డపారకూ బాగుంటుంది. సన్నటి పదును మాత్రం ఎక్కువసేపు నిలవదు. నూరుకుంటూ పని చేసే ఓపిక ఉంటే పర్వాలేదు.

పైగా అంతా ఆచారి చెయ్యి మీద ఉంటుంది. కమాను ఉక్కును నూనెలో ముంచాలి. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే కంటికి కనపడని పగుళ్ళు రావచ్చు. ముంచి వదిలేస్తే గాజులా పెళుసు. మళ్ళీ మెల్లగా వేడి చేసి, మెరుగు పెట్టిన చోట లేత పసుపు రంగు పాకగానే ఆపాలి. నీలం దాకా పోయిందంటే చెక్క ఉలికి మెత్తబడినట్టే. గ్రైండర్ మీద ఉలి పట్టేవాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోండి. మొన నీలం తిరిగిందంటే ఆ నీలం మేర అంతా అరగదీసి పారేయాల్సిందే. రెండు సెకన్లకోసారి నీళ్ళలో ముంచండి.

కొలిమి పక్కన (ఆళ్ళగడ్డ)

మా ఆచారి నూనెలోనే ముంచుతాడు. రంగూ చూస్తాడు, సాయంత్రం నీడలో. కాకపోతే అట్లాంటి ఆచారి ఊరికి ఒకడు కూడా మిగల్లేదు, ఆ మాట ఒప్పుకుంటా.

బురుజు నీడ (కర్నూలు)

నేను ఓడిపోయినట్టు కాదు గానీ, రంపం గురించి కూడా చెప్పండి. నేను కొన్న రంపం ఏడాదికే మొద్దుబారింది. ఆకురాయి పెట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోతే "ఇది నాకు తెగదు నాయనా" అని వెనక్కిచ్చాడు.

ముసలి ఫిట్టరు (గుంతకల్లు)

పళ్ళ మొనలు నల్లగానో నీలంగానో ఉన్నాయా? అయితే ఆ పళ్ళను కరెంటుతో గట్టిపరిచారు. మూడు మూలల ఆకురాయి వాటి మీద జారుతుంది, కోయదు. మొద్దుబారేదాకా బాగా కోస్తుంది, ఆ తర్వాత పారేయడమే. ఏడాదికి నాలుగు సార్లు వాడేవాడికి అదే లాభం. రోజూ వాడేవాడు తెల్ల పళ్ళది కొని నూరించుకోవాలి.

పాతూరు కుర్రోడు (అనంతపురం)

అందరికీ థాంక్స్. పెట్టె కొనలేదు. మామకు చెప్తే రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే డబ్బు పెట్టి స్క్రూ పానా ఒకటి తెచ్చిచ్చాడు, బురుజు నీడ అన్నకు సగం గెలుపు అనుకోండి.

ఫిట్టరు అన్న లిస్టులో క్లాంపులు తప్ప అన్నీ తెచ్చా. మూలమట్టం మాత్రం రెండు సార్లు తెచ్చా. ఇంటికొచ్చాక సరైన అంచున్న చెక్కకు ఆనించి ఒక గీత గీశా. దాన్ని బోర్లా తిప్పి అదే చోట నుంచి ఇంకో గీత. మొదట్లో కలిసి ఉన్న గీతలు, ఆరు అంగుళాలు పోయేసరికి మధ్యలో పెన్సిలు ములుకు పట్టేంత సందు. తప్పు ఆ సందులో సగం. తిరిగి అంగడికి పోయి, కౌంటరు మీదే ఇంకో మూడు ఇట్ల గీసి చూశా. మూడోది కుదిరింది. ఆయన "ఇన్నేళ్ళలో ఎవరూ ఇట్ల చూడలేదు" అని కొంచెం విసుక్కున్నాడు.

ఇంకో డౌటు. కొత్త సుత్తి తల అప్పుడే వదులైంది. ఎండలకేమో. రాత్రంతా నీళ్ళలో వేయమంటున్నారు.

కొలిమి పక్కన (ఆళ్ళగడ్డ)

వేయొద్దు. నీళ్ళకు కామ (చెక్క పిడి) ఉబ్బి బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. ఇనుము కదలదు కాబట్టి చెక్క లోపల్లోపల నలుగుతుంది. ఆరిన తర్వాత ముందుకన్నా వదులు. తల గట్టిగా దిగేలా చేసి, కామ పైకొసలో ఒక చీల కొట్టి, అవిసె నూనె పట్టించు.

ముసలి ఫిట్టరు (గుంతకల్లు)

అదే. కామను కింద నేలకేసి కొట్టు, తలను కొట్టొద్దు. తల దానంతట అదే కిందికి దిగుతుంది. మూలమట్టం మంచి పని చేశావు. వచ్చే నెల చిత్రికకు పోతే ఐదో నంబరు తీసుకో, 14 అంగుళాల పొడుగుది. తలుపు అంచుకు నాలుగో నంబరు పొట్టి అవుతుంది. కొనే ముందు స్టీలు స్కేలు అంచును దాని అడుగున పెట్టి, చదునుగా ఉందేమో చూడు.

పాతూరు కుర్రోడు (అనంతపురం)

అంగడాయన నన్ను మళ్ళీ లోపలికి రానిస్తాడో లేదో.